నీళ్ల సీసాలు నొక్కి బేళ్లు కట్టే మిషన్ సొంతంగా చేయించాలి, ఎన్ని టన్నుల ప్రెస్ కావాలి?

కావలి గోడౌన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కావలి. నాన్న హయాం నుంచి పాత సామాన్ల వ్యాపారం. అప్పట్లో ఇనుము, అట్టపెట్టెలు ఎక్కువ వచ్చేవి. ఇప్పుడు గోడౌన్‌లో సగం నీళ్ల సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలే. హైవే హోటళ్లు, కల్యాణ మండపాలు, రామాయపట్నం పోర్టు పనుల వైపు ఉండే లేబర్ క్యాంపులు, అన్నిచోట్ల నుంచీ వస్తాయి. పెళ్లిళ్ల సీజన్‌లో లోపల అడుగు పెట్టడానికి చోటుండదు.

మా ఇబ్బంది రవాణా. బొలెరో బండికి చుట్టూ వల కట్టి పైదాకా నింపినా సీసాల బరువు రెండొందల కేజీల దగ్గర ఆగిపోతోంది. బండి టన్నున్నర మోస్తుంది. చెన్నై దాకా కిరాయి మాత్రం నిండు లోడుకు ఎంతో అంతే. గాలిని మోసుకెళ్లడానికి డీజిల్ పోస్తున్నాం. అందుకే నొక్కి బేళ్లు కట్టి పంపాలని చూస్తున్నా.

మా మేనమామ వాళ్లది కొండపి దగ్గర, పొగాకు పండిస్తారు. ఆకును పెట్టెలో పేర్చి, తొక్కి, నొక్కి, తాళ్లు బిగిస్తే బేలు వేలంపాటకు వెళ్లేదాకా అలాగే ఉంటుంది. అదే పద్ధతిలో రెండున్నర అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు ఇనుప పెట్టె చేసి పైన 20 టన్నుల జాకీ బిగిద్దామని మా వెల్డర్ అన్నాడు. ఒక పాత పెట్టెలో సీసాలు పోసి జాకీతో నొక్కి చూశాం. కొంత దిగింది, జాకీ వదలగానే మొత్తం మళ్లీ పైకి లేచింది. వెల్డరేమో 40 టన్నులు పెడదాం అంటున్నాడు.

నిజంగా ఎన్ని టన్నులు కావాలి? పెట్టె ఏ సైజులో ఉండాలి? అసలు నొక్కడం మానేసి ముక్కలు చేసే మిషన్ కొంటే మంచిదా? గోడౌన్‌లో త్రీఫేజ్ కరెంటు ఉంది. పనిలో ఇద్దరు ఆడవాళ్లు, ఒక కుర్రాడు, నేను. చేసినవాళ్లు చెప్తే చాలా మేలు.

నెల్లూరు ట్రేడర్

గ్రైండర్ కొనండి బ్రదర్. ముక్కలు చేసి గోతాల్లో నింపితే బండి బరువుకు నిండుతుంది, బేళ్లు కట్టే బాధ ఉండదు. ముక్కలకు రేటు కూడా సీసాల కన్నా ఎక్కువ.

ఒంగోలు ఫ్యాబ్రికేషన్

తమ్ముడూ, మాది ఒంగోలులో ఫ్యాబ్రికేషన్ షెడ్డు. చీమకుర్తి క్వారీలు, గ్రానైట్ ఫ్యాక్టరీల హైడ్రాలిక్ పనులు మాకు ఎక్కువ. అట్ట నొక్కే ప్రెస్సులు, సీసాలు నొక్కే ప్రెస్సులు కూడా చేసిచ్చాను. నాకు ఇష్టమైన పని ఇది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

టన్నుల సంగతి తర్వాత. ముందు సీసాలో గాలి గురించి ఆలోచించు. పొగాకు నొక్కితే గాలి ఆకుల సందుల్లోంచి బయటికి పోతుంది. మూత బిగించిన సీసాలో గాలికి దారి లేదు. మూసి ఉన్న గాలిని సగానికి నొక్కితే ఒత్తిడి రెట్టింపు, అయిదో వంతుకు నొక్కితే అయిదు రెట్లు. మామూలు వాతావరణ ఒత్తిడే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కేజీ కాబట్టి, మూత ఉన్న సీసాల్ని అయిదో వంతుకు తేవాలంటే ప్లేటు కింద ప్రతి చదరపు సెంటీమీటరుకూ నాలుగు కేజీల బలం ఒక్క గాలి మీదే పెట్టాలి. పైగా ఆ బలం ఎక్కడికీ పోదు, లోపలే ఉంటుంది. ప్లేటు ఎత్తగానే తిరిగి తోస్తుంది. కూల్‌డ్రింక్ సీసాలైతే గ్యాస్ ఒత్తిడి తట్టుకునేలా తయారైనవి, తొందరగా పగలవు కూడా. మీ పెట్టెలో జరిగింది ఇదే. 40 టన్నులు పెట్టినా ఇదే జరుగుతుంది.

నీ 20 టన్నుల జాకీకి బలం తక్కువేం కాదు. నీ పెట్టె కొలత 750 మి.మీ. బై 600 మి.మీ., అంటే 4,500 చదరపు సెంటీమీటర్లు. 20 టన్నులు దాని మీద పరిస్తే చదరపు సెంటీమీటరుకు నాలుగున్నర కేజీలు దాకా వస్తుంది. జాకీకి లేనిది దూరం. అది ఆరంగుళాలు నడిచి ఆగిపోతుంది. మనకు మూడు అడుగులు నడవాలి.

కాబట్టి మొదటి మిషన్ ప్రెస్ కాదు, కన్నాలు పొడిచే రోలర్లు. ఎదురెదురుగా తిరిగే రెండు రోలర్లు, వాటి మీద మొనదేలిన పళ్లు. ఒకటి రెండు హెచ్‌పీ గేర్ మోటారు చాలు, నిమిషానికి యాభై అరవై చుట్లు మించి తిరగనక్కర్లేదు. సీసా ఒక పక్క పడి, చిల్లులు పడి, సగం చదునై రెండో పక్కకు వస్తుంది. మూత తీయాల్సిన పని కూడా ఉండదు. పళ్లను ఒక రోలర్ పన్ను రెండో రోలర్ సందులోకి వెళ్లేలా అమర్చు, లేకపోతే పలచటి నీళ్ల సీసాలు చుట్టుకుంటాయి. కింద ట్రే పెట్టు, సీసాల్లో మిగిలిన నీళ్లన్నీ అక్కడే కారతాయి. నోటి దగ్గర చ్యూట్, అంటే సీసాలు జారి లోపలికి పోయే దారి, మూడు అడుగులకు తగ్గకూడదు. చెయ్యి ఎంత చాపినా రోలరుకు అందకూడదు. అత్యవసరంగా ఆపే ఎర్ర బటన్, వెనక్కి తిప్పే స్విచ్ రెండూ ఉండాలి. నీ దగ్గర డబ్బు ఒకదానికే ఉంటే ముందు ఇది చేయించు. చిల్లులు పడి చదునైన సీసాల్ని ఊరికే సంచుల్లో కుక్కి పంపినా బండిలో బరువు బాగా పెరుగుతుంది.

ఇప్పుడు ప్రెస్. గాలి పోయాక మిగిలింది ప్లాస్టిక్ గోడల సాగుడే. 100 మి.మీ. బోర్ (లోపలి వ్యాసం) ఉన్న హైడ్రాలిక్ సిలిండర్‌కు 150 బార్ ఆయిల్ ఒత్తిడి ఇస్తే (బార్ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కేజీ) సుమారు 12 టన్నులు వస్తుంది. నీ పెట్టె మీద చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.7 కేజీలు. చిల్లులు పొడిచిన సీసాలకు ఇది సరిపోతుంది. 5 హెచ్‌పీ మోటారుతో ఆ ఒత్తిడి దగ్గర నిమిషానికి 12 లీటర్ల చిల్లర ఆయిల్ పంపు చేయొచ్చు. 900 మి.మీ. స్ట్రోకు, అంటే రాడ్ నడిచే దూరం, దిగడానికి అర నిమిషం పైచిలుకు, ఎక్కడానికి ఇంకొంచెం తక్కువ. ఆయిల్ ట్యాంకు 50 లీటర్లకు తగ్గించకు, మన ఎండలకు ఆయిల్ వేడెక్కి పలచబడుతుంది. 68 గ్రేడ్ హైడ్రాలిక్ ఆయిల్ వాడు.

సెకండ్ హ్యాండ్ సిలిండర్ కోసం చూస్తావు కాబట్టి ఒక మాట. టిప్పర్ కింద ఉండే మడత సిలిండర్ చవగ్గా వస్తుంది, తీసుకోకు. అది ఒకవైపే తోస్తుంది, బాడీ బరువుకు తనంతట తాను దిగుతుంది. మనకు ప్లేటును పైకి లాగే పని కూడా ఉంది, కాబట్టి రెండు వైపులా ఆయిల్ వెళ్లే సిలిండరే కావాలి. ఎక్స్‌కవేటర్‌వి పనికొస్తాయి. రాడ్ మొత్తం బయటికి తీయించి చూడు. మా వైపు రాతి పొడికి రాడ్ల మీద గీతలు పడతాయి, మీ వైపు ఉప్పు గాలికి క్రోమ్ మీద తుప్పు చుక్కలు లేస్తాయి. ఏది ఉన్నా కొత్త సీళ్లు వేసిన నెలకే ఆయిల్ కారుతుంది. పని అయ్యాక రాత్రి ప్లేటును పైకి లాగి ఉంచితే రాడ్ సిలిండర్ లోపల ఉండి ఉప్పు గాలి తగలదు. ప్లేటు కింద అడ్డ పిన్ను మాత్రం తప్పకుండా పెట్టు.

చిల్లులు పొడిచినా ప్లేటు ఎత్తగానే సరుకు కొంత లేస్తుంది. అట్ట ప్రెస్సులకూ సీసాల ప్రెస్సులకూ తేడా ఇక్కడే. పెట్టె రెండు పక్కల గోడల్లో స్ప్రింగుతో ఆడే ఇనుప పళ్లు పెట్టాలి. ప్లేటు దిగేటప్పుడు అవి గోడలోకి పోతాయి, ప్లేటు ఎక్కగానే బయటికి వచ్చి సరుకు లేవకుండా పట్టుకుంటాయి. అవి ఉంటేనే రెండోసారి పోయడానికి పైన చోటు మిగులుతుంది. ఒక బేలుకు అయిదారు సార్లు పోసి నొక్కాల్సి వస్తుంది మరి. ఈ పళ్లు లేని ప్రెస్ ఎవరైనా తక్కువకు ఇస్తామన్నా వద్దను.

బేలు ఎత్తు 600 మి.మీ. పెట్టుకో. నీ పెట్టె కొలతకు బేలు యాభై కేజీలకు అటూ ఇటూ తూగుతుంది. ఇద్దరు పట్టి బండిలో వేయగలరు. పెద్ద కంపెనీల్లో మూడు నాలుగు వందల కేజీల బేళ్లు చూసి అలాంటిది కావాలని చాలామంది అడుగుతారు. వాళ్లకు ఫోర్క్‌లిఫ్టులు ఉన్నాయి. నీకున్నది ఒక కుర్రాడు.

తలుపు విషయంలో వెల్డర్ మాట వినకు, ఎంత మంచివాడైనా సరే. నొక్కినప్పుడు సరుకు పక్కలకు కూడా తోస్తుంది. పై ఒత్తిడిలో మూడో వంతు పక్కకు వచ్చినా తలుపు మీద నాలుగు టన్నులు పడుతుంది. మామూలు గడియ పెడితే తీసిన క్షణంలో తలుపు ఎదుటివాడి ముఖానికి కొడుతుంది. చక్రం తిప్పి మర ద్వారా మెల్లగా వదులు చేసే లాక్ పెట్టించు. తలుపు కొద్దిగా తెరుచుకోగానే ఒత్తిడి అక్కడికక్కడే తగ్గిపోవాలి.

నెల్లూరు ట్రేడర్ గారు గ్రైండర్ అన్నారు. ముక్కలకు రేటు ఎక్కువ మాట నిజమే, కానీ అది కడిగి, ఏరి, శుభ్రంగా ఉన్న ముక్కలకు. సీసాగా ఉన్నప్పుడు అది ఏ ప్లాస్టిక్కో కొనేవాడు చూసి ఏరుకోగలడు. ముక్కలయ్యాక కళ్లతో పట్టుకోలేడు. ముఖ్యంగా పీవీసీ. కొన్ని రేపర్లు, కొన్ని పాత రకం సీసాలు పీవీసీవి. మూతల ప్లాస్టిక్ నీళ్లలో తేలుతుంది, పెట్ (నీళ్ల సీసాలు తయారయ్యే ప్లాస్టిక్) మునుగుతుంది కాబట్టి తొట్టిలో వేస్తే ఆ రెండూ విడిపోతాయి. పీవీసీ సాంద్రత పెట్ సాంద్రతకు దగ్గర, రెండూ కలిసే మునుగుతాయి. పెట్ కరిగేది 250 డిగ్రీల పైన. ఆ వేడికి పీవీసీ మాడి ఆమ్లం వదులుతుంది, సరుకంతా పచ్చబడి నల్ల చుక్కలు వస్తాయి. అందుకే ఊరూ పేరూ తెలియని చోటి ముక్కలంటే కొనేవాళ్లు వెనకాడతారు. పైగా కడగడం మొదలుపెడితే ఆ మురుగు నీళ్లకు దారి చూపాలి, పొల్యూషన్ బోర్డు అనుమతులు చూసుకోవాలి. నలుగురున్న గోడౌన్‌కు అది వేరే వ్యాపారం అవుతుంది.

పెన్నా పక్క షెడ్డు

తమ్ముడూ, నేను నెల్లూరు దగ్గర చెత్త వేరుచేసే షెడ్డులో సూపర్‌వైజర్‌ని. మిషన్ గురించి ఒంగోలు అన్నగారు చెప్పింది మీరు అలాగే చేయండి. నేను మిషన్ ముందు నిలబడేవాళ్ల గురించి చెప్తాను, ఎందుకంటే డ్రాయింగ్ గీసేటప్పుడు వాళ్లను ఎవరూ అడగరు.

రొట్టెల పండగ రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర ఎన్ని సీసాలు పోగవుతాయో చూసే ఉంటారు. అవి వచ్చినప్పుడు మా వాళ్లు పొద్దుటి నుంచి మూతలు తిప్పుతూనే ఉంటారు. సాయంత్రానికి మణికట్టు వాచిపోతుంది. సీసాలకు చిల్లులు పొడిచే మిషన్ వస్తే నాకు ముందు ఆనందం అందుకే, బండి కిరాయి తర్వాత.

సీసాలు రోలర్లలోకి నేరుగా పోయొద్దు. ముందు ఒక బల్ల మీద పరవాలి. హైవే సీసాల్లో ఏముంటుందో మీకు తెలుసు. లారీలవాళ్లు మూత్రం పోసి విసిరేసినవి ఉంటాయి, గుట్కా ఉమ్మినవి ఉంటాయి, బ్లేడ్లు, సూదులు పడేసినవి కూడా మాకు వచ్చాయి. అవి రోలర్ల కింద చిట్లితే ముఖం మీద పడుతుంది. బల్ల దగ్గర మందపాటి రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. బల్ల మీదే తెల్లవి, లేత నీలం, ఆకుపచ్చవి, నూనె సీసాలు వేరుచేయండి. అన్నీ కలిపి కట్టిన బేలుకు, తెల్లవే కట్టిన బేలుకు రేటు ఒకటి కాదు. 2022లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ప్యాకింగ్ కంపెనీలు కొత్త గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో కొంత శాతం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ కలపాలి. సీసా నుంచి మళ్లీ సీసా చేయడానికి వాళ్లు అడిగేది శుభ్రమైన తెల్ల సరుకే.

సరుకు పోసే తలుపు ఎత్తు మీ ఎత్తుకు కొలవొద్దు, మీ దగ్గర పనిచేసే ఆడవాళ్ల ఎత్తుకు కొలవండి. ఒక చోట చూశాను, తలుపు భుజాల పైన ఉండేది. సంచి తల మీదికి ఎత్తి పోయాల్సి వచ్చేది. నాలుగు రోజులకే వాళ్లు ఒక స్టూలు వేసుకుని ఎక్కడం మొదలుపెట్టారు. అలా ఎక్కిన మనిషి ముందుకు తూలితే నేరుగా పెట్టెలో పడుతుంది. తలుపు కింది అంచు నడుము కంటే కాస్త పైన ఉంటే చాలు, అంతకు మించితే నేల మీద ఒక గట్టి అరుగు కట్టించండి, అది కూడా రెయిలింగ్‌తో.

ఇంకొకటి, ప్లేటు కిందికి దిగాలంటే రెండు చేతులతో రెండు బటన్లు నొక్కి పట్టుకోవాలి. ఒక చేత్తో పని నడిచేలా ఎవరూ టేపు చుట్టకుండా ఆ బటన్లను దూరంగా పెట్టించండి. తలుపు తెరిచి ఉంటే ప్లేటు కదలకూడదు.

కావలి గోడౌన్

అన్నా, అక్కా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. వెల్డర్‌కు చదివి వినిపించాను. తలుపు మర లాక్ సంగతి వినగానే తన డ్రాయింగ్ తనే కొట్టేశాడు. ముందు రోలర్లతోనే మొదలుపెడతాం.

మూడు సందేహాలు మిగిలాయి. బేలు దేనితో కట్టాలి, ఇనుప వైరా, ప్లాస్టిక్ పట్టీనా? మా షెడ్డు రేకులది, లోపల ఎత్తు పది అడుగులే, ప్రెస్ పడుతుందా? ఇంకా, ఎంత గట్టిగా నొక్కితే అంత మంచిదేనా?

ఒంగోలు ఫ్యాబ్రికేషన్

ఆఖరిది ముందు చెప్తా. గట్టిగా నొక్కేకొద్దీ మంచిది కాదు. బేలు కొనేవాళ్లు దాన్ని మళ్లీ విప్పి, సీసాలు విడివిడిగా చేసి, బెల్టు మీద ఏరతారు. అట్టలా అతుక్కుపోయిన బేలు విప్పితే సీసాలు విడిపోవు, గడ్డలుగా వస్తాయి. ఘనపు మీటరుకు రెండొందల కేజీల దగ్గర ఆపు. విడి సీసాలు ఘనపు మీటరుకు పాతిక కేజీలు ఉంటాయి అనుకుంటే ఇప్పటికే ఎనిమిది రెట్లు తగ్గించినట్టు. ఆ పైన నొక్కితే నీకు కిరాయిలో మిగిలేది కొంచెమే, కొనేవాడికి తలనొప్పి ఎక్కువ. నీ బండికి టన్నున్నర నింపడానికి ఇలాంటివి ముప్పై బేళ్లు చాలు. ఒత్తిడి హద్దు దాటకుండా ఆపే రిలీఫ్ వాల్వును 150 బార్ దగ్గర సెట్ చేసి సీలు వేయించు, ఎవరి చేతికీ అందకుండా. ప్రెషర్ గేజ్ మాత్రం నిలబడి చూసేవాడి కంటికి ఎదురుగా ఉండాలి.

కట్టడానికి పెట్ పట్టీ వాడు. పచ్చ రంగులో వచ్చే బాక్స్ స్ట్రాపింగ్ పట్టీ చాలావరకు అదే, కొనేటప్పుడు అడిగి తీసుకో. ప్లాస్టిక్ ఒకటే కాబట్టి ఒక ముక్క సరుకులో మిగిలిపోయినా పెద్ద నష్టం ఉండదు. పీపీ అనే వేరే ప్లాస్టిక్ పట్టీ చవక, కానీ రోజులు గడిచేకొద్దీ సాగి బేలు వదులవుతుంది. ఇనుప వైరు బలమే, ఒక ముక్క బేలులో ఉండిపోతే మాత్రం వాళ్ల గ్రైండర్ బ్లేడు పోతుంది. ఆ తర్వాత నీ బండి గేటు దగ్గరే ఆగిపోతుంది. పెట్టె అడుగునా ప్లేటు అడుగునా నాలుగేసి గాళ్లు కోయించు, పట్టీ దూర్చడానికి. ప్లేటు బిగించి ఉండగానే పట్టీలు లాగి సీలు వేయాలి. ఆ సమయంలో మోటారు ఆపేసి ఉండాలి, చేతులు గాళ్ల దగ్గర ఉంటాయి కాబట్టి.

ఎత్తు లెక్క ఇలా వస్తుంది. పెట్టె లోపల 1,500 మి.మీ., ప్లేటు మందం, కింద బేస్ కలిపి 250 మి.మీ., 900 మి.మీ. స్ట్రోకు ఉన్న సిలిండర్ మూసి ఉన్నప్పుడు చెవులతో సహా 1,150 మి.మీ. దగ్గర ఉంటుంది. మొత్తం 2,900 మి.మీ., అంటే తొమ్మిదిన్నర అడుగులు. నీ రేకుల కింద ఇనుప పట్టెలు కూడా ఉంటాయి కదా, పది అడుగులు పట్టె కిందికి కొలిచావా, రేకు కిందికి కొలిచావా చూసుకో. పట్టె కిందికి పది ఉంటే పడుతుంది. లేకపోతే సిలిండర్ల జత పక్కల నుంచి ప్లేటును లాగేలా చేయొచ్చు, ఎత్తు రెండు అడుగులకు పైగా తగ్గుతుంది. కానీ రెండూ సమానంగా దిగడానికి గైడులు జాగ్రత్తగా చేయాలి. దానికి నేను వేరే డ్రాయింగ్ వేసి పెడతా. నేల మాత్రం ఇప్పుడే చూడు. సిమెంటు చప్టా పగుళ్లు ఉంటే ప్రెస్ వచ్చే చోట ఆరంగుళాల కొత్త కాంక్రీటు పోయించు, ఫౌండేషన్ బోల్టులకు గుంటలు వదిలి.

పెన్నా పక్క షెడ్డు

తమ్ముడూ, రోలర్లు రాగానే మొదటి రోజు మీ దగ్గర పనిచేసే ఇద్దరినీ పక్కన నిలబెట్టి ఖాళీగా తిప్పి చూపించండి. ఎర్ర బటన్ వాళ్ల చేతే నొక్కించండి, రెండు మూడుసార్లు. చీర కొంగు, చున్నీ నడుముకు బిగించి పైన ఏప్రాన్ కట్టుకోవాలని అప్పుడే చెప్పండి. ఏప్రాన్లు మీరే కొనివ్వండి.

కావలి గోడౌన్

అలాగే అక్కా. గ్లౌజులు, ఏప్రాన్లు రేపే తెప్పిస్తాను. అన్నా, కొలిచాను. పట్టె కిందికి తొమ్మిది అడుగుల నాలుగు అంగుళాలే ఉంది. ఆ రెండు సిలిండర్ల డ్రాయింగ్ పెట్టండి.